రైలు పోయేదాకా తాళం

బోర్డు మీద సగం లెక్క వేసేసరికి కిటికీ ఊచలు సన్నగా అదిరాయి. నిమ్‌పురా యార్డుకి వెళ్లే గూడ్సు. ముందు ఊచలు అదురుతాయి, తర్వాత బెంచీలు, ఆ తర్వాత మన పళ్లు. ఇంజను చప్పుడు గదిలోకి వచ్చాక ఎంత అరిచినా చివరి బెంచీకి వినపడదు. సుద్దముక్క పట్టుకున్న కుడిచెయ్యి ఆగింది. ఎడమచెయ్యి ఆగలేదు. తొడమీద ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, మళ్లీ దెబ్బ, విసురు, ఇంకో దెబ్బ, విసురు. ఇన్నేళ్లయినా దానికి నా అనుమతి అక్కర్లేదు. దానికి ఈ పని అప్పజెప్పింది విశాలాక్షి టీచరుగారు.

ఆవిడ్ని మీరెరగరు. ఇక్కడ బెంగాల్‌లో, మా ఖరగ్‌పూర్‌లోనే ఇప్పుడు ఎరిగినవాళ్లు తక్కువ. రైల్వే ఆఫీసు గుమాస్తాగారి అమ్మాయి. ఊళ్లోనే ఖరిదా పేటలో ఉండేవారు, శుక్రవారాలు గుళ్లో పాడేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా రైల్వే పనులకి వచ్చిన తెలుగువాళ్ల పిల్లలు చదివే మా తెలుగు బడికి సంగీతం చెప్పడానికి వచ్చారు. పొడుగ్గా, గాలికి ఊగే మనిషిలా ఉండేవారు. కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు, పాఠమంతా బెంచీల మధ్య తిరుగుతూనే. నాకు ఆవిడ నచ్చడానికి మొదటి కారణం అదే. నేనూ కూర్చోలేను. వర్క్‌షాపులో ఫిట్టరైన మా నాన్న నన్ను కాలుగాలిన పిల్లి అనేవాడు. అమ్మ నోట తెల్లారింది మొదలు ఒకటే మాట, బేగి. బేగి లెగు, బేగి తిను, కొళాయి కట్టేస్తారు బేగి పట్టు. అలా పెరిగిన పిల్లని బడిలో కదలకుండా కూర్చోమంటే ఎక్కడ కుదురుతుంది? కదిలినందుకు దెబ్బలు తినని పీరియడ్ నాకు అదొక్కటే.

మొదటిరోజే ఆవిడ ఉన్నమాట చెప్పేశారు. ఈ పీరియడ్ ఒక్క ఏడాదికే. వార్షికోత్సవంలో మేము పాడింది విని పెద్దలు బాగుందంటే ఉంటుంది, లేదంటే హెడ్మాస్టారు దాన్ని లెక్కలకి ఇచ్చేస్తారు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేం. మా పిల్లలంతా ఎప్పటికో ఒకప్పటికి రైల్వే పరీక్ష రాయాల్సినవాళ్లే, ఆ పరీక్షలో లెక్కలుంటాయి గాని పాటలుండవు. మా అమ్మ మాటా అదే. అయినా ఆవేళ ఆయన మీద వచ్చిన కోపం నాకు ఇంకా చల్లారలేదు.

సంగీతమంటే పాటలే అనుకున్నాం. వానాకాలమంతా వినడంతోనే సరిపోయింది. శ్రుతిపెట్టె మీట నొక్కి, దానితో గొంతు కలిపి ఊరికే నిలబడమనేవారు. కలిసిందో లేదో పక్కవాళ్లు చెప్పాలి. ఆ తర్వాత సరళీస్వరాలు, ఒకటో కాలం, రెండో కాలం. రెట్టింపు వేగంతో పాడే రెండో కాలం నాకు పండగ. ఒకటో కాలంలో ఒళ్లంతా చీమలు పాకేవి.

రైలొస్తే మిగతా టీచర్లు పుస్తకం మూసి, పోయేదాకా కూర్చునేవారు. ఆవిడ మొదటిసారి గూడ్సు వచ్చినప్పుడు నోటిమీద వేలుంచి, రెండోచేత్తో తాళం వేస్తూనే ఉన్నారు. తర్వాత పద్ధతి వివరించారు. రైలు పోతున్నంతసేపూ పాట లోపల పాడుకోవాలి, చెయ్యి ఆపకూడదు. రైలు దాటగానే ఎక్కడుంటే అక్కణ్నుంచి గొంతెత్తాలి, అందరం ఒకే మాట మీద ఉండాలి. మొదట్లో రైలు చివరనుండే గార్డు పెట్టె దాటేసరికి మా క్లాసు సంతలా ఉండేది. ఒకడు పల్లవిలో, ఒకత్తె చరణంలో. నేనైతే పాట మొత్తం ముగించేసి కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని.

"ఏటమ్మా, రైలు కన్నా నువ్వే ముందు ఎల్లిపోయినావు?" అన్నారు ఆవిడ. క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తిట్టలేదు, నన్ను బెంచీలోంచి లేపి అందరి ముందూ నిలబెట్టారు. రేపట్నుంచి తాళం నేనే వేయాలట, అందరూ నా చెయ్యి చూస్తారట.

"నాను బేగి ఏసేస్తాను టీచర్," అన్నాను.

"తెలుసు. అందుకే నిన్నెట్టినాను. ఇంతమంది నీ ఎనకాల వస్తంటే ఎంత బేగి ఎల్తావో చూద్దాం."

దొంగ చేతికే తాళమిచ్చారని మావాళ్లు చాలారోజులు ఏడిపించారు. నిజంగానే మొదటివారాల్లో అందరినీ పరిగెత్తించి చంపాను. కానీ నా చేతి వెనక అంతమంది రొప్పుతూ ఉంటే, ఆ చూపులకి చెయ్యి తనంతట తానే బరువెక్కేది.

దసరాకి దుర్గా పూజల్లో మమ్మల్ని ఖరిదాలో ఒక పందిరికి తీసుకెళ్లి ఢాక్ వాయించేవాళ్ల ముందు నిలబెట్టారు. ఢాక్ అంటే భుజానికి వేలాడే పెద్ద డోలు, అది లేనిదే బెంగాలీల పూజ జరగదు. తాళం వేస్తూ వినమన్నారు. వాయించే ఆయన ఊపు పెంచేకొద్దీ నా కాళ్లు ఎగరడం మొదలుపెట్టాయి, తాళం ఎప్పుడు వదిలేశానో తెలియదు. పక్కకి చూస్తే టీచరుగారి కాళ్లూ ఎగురుతున్నాయి. చెయ్యి మాత్రం లెక్క తప్పడంలేదు. మనలోని ఆత్రం పోనక్కర్లేదని, దాన్ని చేతికి అప్పజెప్పి పని చేయించుకోవచ్చని ఆవేళ నాకు కొంచెం అర్థమైంది.

వార్షికోత్సవం బడి ఆవరణలోనే జరిగింది. డ్యూటీ దిగినవాళ్లు నూనె మరకలతోనే వచ్చి కూర్చున్నారు. పాట టీచరుగారే కట్టింది, మా ఊరి మీద. పల్లవి అయింది. మొదటి చరణంలో ఉండగా నా అరికాళ్లకి అదురు తెలిసింది. అలవాటు ప్రకారం అందరం నోళ్లు మూసి లోపల పాడుకుంటున్నాం, నా చెయ్యి ఆడుతోంది. అయితే ఈ పద్ధతి ఇళ్లలో ఎవరికీ చెప్పలేదు మేము. పాట అయిపోయిందనుకుని మావాళ్లు చప్పట్లు కొట్టేశారు. కొందరు లేచి చంటిపిల్లల్ని చంకనేసుకున్నారు. హెడ్మాస్టారు మైకు దగ్గరికి నడిచారు.

ఆయన మైకు అందుకుంటే పాటా పోతుంది, పీరియడూ పోతుంది. ఇప్పుడే గొంతెత్తితేనో? టీచరుగారి వైపు చూశాను. ఏడాది మొత్తంలో ఒక్కచోట నిలవని మనిషి చేతులు కట్టుకుని, తలొంచుకుని, కదలకుండా నిలబడి ఉన్నారు. తాళం కూడా వేయడంలేదు. అంతా నాకే వదిలేశారు. నేను దెబ్బ తర్వాత వేలు, వేలు తర్వాత వేలు, పళ్లు బిగించి వేస్తూ పోయాను.

గార్డు పెట్టె దాటింది. హెడ్మాస్టారు "ఇంతటితో" అన్నారు. అంతలో మా క్లాసు మొత్తం చరణం మధ్యలో ఒకే మాట మీద, ఒకే గొంతుతో లేచింది. ఆయన పక్కకి జరిగారు. లేచినవాళ్లు కూర్చున్నారు. మా నాన్న పక్కవాళ్లతో, "రైలొచ్చినా ఆపనేదురా గుంటలు, లోపల పాడతానే ఉన్నారు," అన్నాడని తర్వాత అమ్మ చెప్పింది.

అందరూ బాగుందన్నారు. అయినా సెలవులయ్యాక గోడకి అంటించిన టైంటేబుల్లో సంగీతం ఉన్నచోట లెక్కలే ఉన్నాయి. శ్రుతిపెట్టె పట్టుకెళ్లడానికి వచ్చిన టీచరుగారిని గేటు దగ్గర పట్టుకున్నాను. "మనం బాగానే పాడినాం కదా టీచర్? మరేటి తక్కువైంది?" అని అడిగాను. ఆవిడ ఏదో అనబోయారు. గూడ్సు వచ్చింది. ఆవిడ కనుసైగ చేశారు, ఇద్దరం పల్లవి నుంచి మొదలుపెట్టాం, నోరు మెదపకుండా. రైలు దాటాక ఇద్దరి నోటా పాటలో ఒకే మాట ఒకేసారి వచ్చింది. ఆవిడ పైటచెంగుతో కళ్లు ఒత్తుకుని నవ్వారు.

"ఈసారి ముందు ఎల్లిపోనేదు," అన్నారు.

నేనడిగినదానికి అదే జవాబో కాదో నాకు తెలియదు. ఆ ఏడే ఆవిడ తమ్ముడి దగ్గరికి విజయనగరం వెళ్లిపోయారు. నేను మళ్లీ చూడలేదు.

నేను లెక్కల టీచర్నయ్యాను. అదే బడి, అదే గది. ఆవిడ దగ్గర్నుంచి తీసుకున్న పీరియడ్‌కే నేను జీతం తీసుకుంటున్నాను. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఒకచోట నిలవబుద్ధి కాదు. ఆ కుర్చీలో ఆవిడ ఏనాడూ కూర్చోలేదు, నేనూ కూర్చోను.

ఈవేళ గూడ్సు దాటాక లెక్క అందుకోబోతూ చూస్తే, రెండో బెంచీలో ఒక పిల్ల ఇంకా తొడమీద దెబ్బలు వేస్తోంది. రైలొచ్చినప్పుడల్లా నా చేతిని చూసి చూసి నేర్చుకుందట. వేళ్లన్నీ సరిగ్గానే పడుతున్నాయి గాని, తరుముకొస్తున్నట్టు వేస్తోంది.

"ఇది ఏ పాటది టీచర్?" అంది.

సుద్దముక్క బల్లమీద పెట్టాను. బోర్డు మీద సగం లెక్క సగంలోనే ఉంది. ఇన్నేళ్లూ లోపలే పాడుకున్న పాటకి గొంతు ఉందో లేదో కూడా తెలియదు.

"ఇలా ముందుకొచ్చి నిలబడు," అన్నాను. "పాట నేను చెప్తాను. తాళం నువ్వు ఎయ్యి."