పాడినాక కారణం చెప్పల్ల

నా భార్య పోయిన నెలలో, ఒక గురువారం, చనిపోయింది. ఆ రోజు పొద్దున ఆమె బాగానే ఉంది. స్నానం చేసి, శ్రుతిపెట్టె ముందు కూర్చుని ఎప్పటిలాగే కాసేపు గొంతు సరిచేసుకుంది. మధ్యాహ్నం పెరుగు పుల్లగా ఉందని అంది. "కాసేపు నడుం వాలుస్తా. పిల్లోళ్లొస్తే కూర్చోబెట్టండి" అని చెప్పి పడుకుంది. సాయంత్రం పాఠానికి పిల్లలు వచ్చారు. లేపడానికి వెళ్లాను. లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, గుండె అన్నాడు.

హిందూపురంలో ఆమె దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఈ కబురు అప్పుడే చేరింది. ఆమెను ఎరగనివాళ్ల కోసం రాస్తున్నాను.

ఆమె కచేరీలు చేసిన మనిషి కాదు. ఇంట్లో పాఠాలు చెప్పేది. ఆదివారం పాఠాలు ఉండవు. ఆ రోజు పాడేవాళ్లు, వాయించేవాళ్లు మా ఇంటికి వచ్చేవారు. వినడానికి బయటివాళ్లను పిలిచేది కాదు. ఒక్కొక్కరూ తమకు ఇష్టమైన పాట ఒకటి పాడాలి. పాడడం అయ్యాక అది ఎందుకు ఇష్టమో చెప్పాలి. ముందుగా చెప్పకూడదు. చెబితే వినేవాళ్ల చెవులు ఆ మాట వెంబడే పోతాయని ఆమె అనేది.

ఒకసారి ఒక హార్మోనియం విద్వాంసుడు వచ్చాడు. చాలాసేపు రాగం తీసి, చెమట తుడుచుకుని, మా వైపు చూశాడు. "బాగుండాదయ్యా. ఎందుకిష్టం?" అని నా భార్య అడిగింది.

"ఇది చానా కష్టమైన రాగమమ్మా. అందరికీ పలకదు."

"కష్టమా కాదా అని నేనడగలే. పాడినాక కారణం చెప్పల్ల."

ఆయన హార్మోనియం మూసేసి, తన పెళ్లికి ముందు ఎదురింట్లో ఒకమ్మాయి ఉండేదని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన ఏ ఆదివారమూ తప్పలేదు.

నాకు పాట రాదు. పెనుకొండలో ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రోజూ హిందూపురం నుంచి బస్సులో పోయి వచ్చేవాడిని. ఆ బస్సులోనే డోలు ఒళ్లో పెట్టుకుని కూర్చునే పెనుకొండ మనిషి ఒకాయన పరిచయమయ్యాడు. పెళ్లిళ్లలో తన అన్న నాదస్వరం వాయిస్తే ఈయన డోలు వాయిస్తాడు. మా ఇంటి ఆదివారాల గురించి చెబితే, "నాకు కొట్టేదే గానీ పాడేది రాదు సార్" అన్నాడు. అయినా వచ్చాడు. తన వంతు వచ్చినప్పుడు నీలాంబరి రాగాన్ని చిన్నగా నోటితో పలికించాడు. కారణం ఇలా చెప్పాడు:

"తాళి కట్టేసినాక అందరూ బువ్వకు పోతారక్కా. పందిట్లో కుర్చీలు తప్ప ఒకరుండరు. అప్పుడు మాయన్న ఇది వాయిస్తాడు. అంతవరకూ వాయించిందంతా పెండ్లోళ్లకు. ఇదొక్కటి మా ఇద్దరికి."

నా భార్య శ్రుతిపెట్టె ఆయన వైపు జరిపింది. "ఇంగోసారి పాడప్పా" అంది.

ఈయన వల్లనే మా ఇంట్లో నేను చెయ్యి ఎత్తడం మానేశాను. పెళ్లిలో తాళి కట్టే క్షణాన పెద్దవాళ్లెవరో చెయ్యెత్తి వేళ్లు ఆడిస్తారు. ఏం వాయిస్తున్నా ఆపి గట్టిమేళం అందుకోవడం డోలు మనిషి పని. ఒక ఆదివారం ధర్మవరం నుంచి వచ్చిన ఒకాయన కళ్లు మూసుకుని పాడుతున్నాడు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి, కాఫీ ఎవరెవరికి అని చెయ్యెత్తి వేళ్లతో సైగ చేశాను. అంతే, డోలు దడదడలాడింది. పాడుతున్నాయన ఉలిక్కిపడ్డాడు. పక్కింటి ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది.

నా భార్య నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎవురి మెళ్లో కట్టినారండీ తాళి? పిల్లనన్నా చూపీండి!" అంది.

డోలు ఆయన సిగ్గుపడిపోయాడు. "చెయ్యి లేస్తే నా చేతులు నిలవవు సార్. ఇంగమీదట నోటితో అడగండి."

ధర్మవరం ఆయన పట్టుచీరలు నేస్తాడు. భజన పాటలు పాడతాడు. నేలమీద కూర్చుని పాడేటప్పుడు కూడా ఆయన కుడికాలు మగ్గం తొక్కుతున్నట్టు కదులుతూనే ఉంటుంది. ఆ కాలు ఆపమని ఎవరో అంటే నా భార్య ఒప్పుకోలేదు. "ఆయన తాళం ఆడ ఉండాది. ఉండనీండి" అంది.

ఆమె వంతు వచ్చినప్పుడు కృతులు పాడుతుందని కొత్తవాళ్లు ఎదురుచూసేవారు. ఆమె మాత్రం ఎక్కువసార్లు ఒకే పాట పాడేది. సగం తెలుగు, సగం కన్నడం. చిన్నప్పుడు వాళ్ల వీధిలో చింతపండు కొట్టి గింజలు తీసే ఒక అవ్వ పాడుతుంటే విన్నదట. "ఆ యవ్వ ఎవురికో వినపడల్లని పాడలే. చేతులకు పని ఉండాది, నోరు ఊరికే ఉండాది, పాడింది. నాకు పాటంటే ఏందో ఆడ తెల్సింది" అనేది. ఆ పాట పాడేటప్పుడు ఆమె గొంతు మారేది. టీచరు గొంతు పోయి, వీధిలో నిలబడిన చిన్నపిల్ల గొంతు వచ్చేది. ఆ మార్పు కోసం నేను కాఫీ పని పక్కనపెట్టి గడపలో కూర్చునేవాడిని.

ఆమె పోయాక ఆదివారాలు వచ్చాయి. ఎవరూ రాలేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని రాలేదు. ఇంట్లో గోడగడియారం చప్పుడు ఇంత పెద్దదని నాకు ఇప్పుడే తెలిసింది.

డోలు ఆయన ఒకరోజు ఫోన్ చేశాడు. "సార్, అందరూ నన్నే అడుగుతాండారు. ఆదివారం ఉంటాదా, ఇంగ లేదా?" అన్నాడు. రమ్మని అనబోయాను. ఆయన ఆపాడు. "ఫోన్లో వద్దు సార్. డోలు మంగళవాద్యం. మనిషి పోయిన ఇంటికి తేవల్లంటే ఇంటాయన మా గడప తొక్కి, ఆకూ వక్కా ఇచ్చి పిలవల్ల. మా నాయన నాటినుంచి అంతే. మీరు పిలవకపోయినా నాకేం బాధ లేదు సార్."

ఆ మాట మా వదినకు, అంటే నా భార్య అక్కకు, చెప్పాను. "ఏమప్పా, చదువుకున్నోడివి. ఏడాది తిరగకనే ఇంట్లో డోలు మోగిస్తే జనం ఏమంటారు? దాన్ని సంకనెత్తుకుని తిరిగినదాన్ని నేను. నా చెవులు తట్టుకుంటాయా?" అంది. ఆమె బాధ నాకు తెలుసు. ఆదివారాలను అలాగే వదిలేస్తే సరిపోతుందని కూడా అనుకున్నాను.

నిన్న ధర్మవరం ఆయన వచ్చాడు. పలకరించడానికే వచ్చాడు, పాడలేదు. నేనిచ్చిన కాఫీ తాగుతూ నేలమీద కూర్చున్నాడు. ఆయన కుడికాలు కదలడం లేదు. నేను చూస్తున్నానని గమనించాడు.

"మగ్గం మీద పాడతానే ఉంటానన్నా. ఆ చప్పుట్లో నా పాట నాకే వినపడదు. ఈడికొస్తే వినపడతాండె. అక్క ఎందుకిష్టమని అడిగేవరకూ నాకు ఒక పాట ఇష్టమని కూడా నాకు తెల్దు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఇంగ యాడికి పోదామన్నా మేము?" అని అడిగాడు.

బస్టాండు వరకు ఆయనతో నడిచాను. తిరిగి వచ్చి వదినకు ఫోన్ చేశాను. ఆదివారం అందరినీ పిలుస్తున్నానని, డోలు కూడా వస్తుందని చెప్పాను. "నీ ఇష్టమప్పా. నేను మాత్రం ఆ పొద్దు రాలేను" అంది. సరే వదినా అన్నాను.

ఈ సాయంత్రం బజారుకు పోయి తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు తెచ్చాను. ఇటువంటివి నా భార్యే తెచ్చేది. ఎలాంటి ఆకు తీసుకోవాలో అంగడి ఆమెనే అడిగాను. ఏం శుభకార్యమన్నా అని అడిగింది. పాటలు, అన్నాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు పెనుకొండ పోతాను. డోలు ఆయన గడప తొక్కి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, ఆదివారం మా ఇంటికి రమ్మని పిలుస్తాను.