ఏడో గొట్టం

థెస్సలోనికిలోని ఆ సంతాన చికిత్సాలయంలో స్తమతియాను ఎరగనివాళ్లు లేరు. యాభై దాటినా కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతుంది. కాఫీ సగంలో వదిలేస్తుంది, టోపీలోకి జుట్టు పదిసార్లు తోసుకుంటుంది. మైక్రోస్కోపు ముందు మాత్రం ఆమె చేతులు కదలవు. అండాశయంలోని నీటితిత్తుల నుంచి డాక్టరు తీసిన నీటిలో అండాన్ని వెతకడం ఆమె పని. ఆ నీరు బాగాలేకపోతే అందులో పెరిగిన అండమూ తరచు బాగుండదని ఆమె ఏళ్లుగా చూస్తూనే ఉంది.

ఆ మంగళవారం అర్గిరో అనే ఆవిడకు మూడో ప్రయత్నం. తిత్తికొకటి చొప్పున పరీక్షగొట్టాల్లో నీరు పట్టి ఇచ్చారు. మొదటి ఆరు గొట్టాల్లోనూ నీరు నెత్తురు కలిసి నల్లగా ఉంది. దొరికిన రెండు అండాలూ ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఏడోది మరీ చిన్న తిత్తిది. అందులో ఏముంటుంది, వదిలెయ్యండి స్తమతియా గారూ," అన్నాడు కుర్ర డాక్టరు.

"నువ్వెళ్లి కాఫీ తాగు బాబూ, నన్ను చూడనీ."

ఆ నీరు తేనెరంగులో తేటగా ఉంది. అందులో గుండ్రంగా ఒక అండం కనిపించింది. దాన్ని అర్గిరో భర్త వీర్యకణాలతో కలిపి వెచ్చని పెట్టెలో ఉంచింది.

మర్నాడు అందరికన్నా ముందొచ్చి చూసి, తనే ఫోను చేసింది.

"అర్గిరో, కలిసింది తల్లీ, పిండమవుతోంది. ఇకముందు ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేను."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

అవతల నుంచి అర్గిరో గొంతు సన్నగా వినిపించింది. "అక్కడ దానికి చలిగా లేదు కదా?"

"లేదమ్మా. నీ ఒంట్లో ఎంత వేడో, అంతే ఉంచాం."