కలరా ఉండలు

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు. నా పురిటికని అమ్మ గుంటూరు నుంచి పెట్టెడు పాత నేత చీరలు మోసుకొచ్చింది. పసిపిల్లలకు కొత్తబట్ట ఒరుసుకుంటుందని, నలిగిన చీరే మెత్తనని ఆమె పట్టు. బాబు పుట్టి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి వాణ్ని ఆ చీర ముక్కల్లోనే చుట్టింది. హాస్పిటల్ వాళ్లిచ్చిన దుప్పటి మూలపడింది.

వారం తిరక్కుండానే వాడి కళ్లు పచ్చబడ్డాయి. పాలు తాగడం మానేశాడు. "కామెర్లేనే, కాస్త ఎండ తగిలితే పోతాయి" అంది అమ్మ. మిషిగన్ జనవరిలో ఎండెక్కడుంది, నా మొహం! మంచు కురుస్తున్నా ఆయన చేత కారు తీయించాను.

హాస్పిటల్‌లో రక్తం తీశారు, నీలం లైటు కింద పడుకోబెట్టారు. అయినా పచ్చదనం పెరుగుతూనే ఉంది. ఎర్ర కణాలు పగిలిపోతున్నాయి, ఎందుకో తెలియడం లేదన్నాడు డాక్టరు. ఇక నాకు కాలు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగాను. "బాలింతవి, కాసేపు కూర్చోవే తల్లీ" అంటూ అమ్మ నా వెనకే నడిచింది. వాడు దక్కడేమోనన్న మాట నోటిదాకా వచ్చి ఆగుతోంది.

అంతలో నర్సు వాడి చీర ముక్క మడుస్తూ, ఈ వాసనేమిటని ముక్కు చిట్లించింది. కంగారులో మా ఆయన తెలుగుని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించేశారు: "కలరా బాల్స్."

నర్సు గుడ్డ వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. ఇంకొకామె గ్లవ్స్ కోసం పరిగెత్తింది. నాకు ఒళ్లు మండిపోయింది. "కలరా లేదు, గిలరా లేదు! తెల్లగా, గుండ్రంగా ఉంటాయి. పురుగు పట్టకుండా బట్టల్లో వేస్తాం!" అని వాళ్ల భాషలోనే అరిచాను.

"మాత్‌బాల్స్!" అన్నాడు డాక్టరు. అతను నవ్వలేదు. చీర ముక్కలన్నీ తీయించేసి, ఇంకో పరీక్ష రాశాడు.

వాడి ఎర్ర కణాల్లో ఒక ఎంజైము సరిగా లేదని తేలింది. డాక్టరు చెప్పింది నేను అమ్మకు నా పద్ధతిలో చెప్పాను. ఎంజైమంటే పెళ్లిళ్ల పేరయ్య. జత కుదిర్చి, తాను మాత్రం ఖర్చవకుండా మరో జత దగ్గరికి పోతుంది. ఒక్కోదానికి ఒక్కటే పని. కలరా ఉండల ఘాటుకి కణం దెబ్బతింటే, ఆ దెబ్బ మాన్పే సరుకు తయారుచేయించడం దీని పని.

"అయితే నా ఒంట్లోది తీసి వాడికి పెట్టమనవే."

"అలా పెట్టేది కాదమ్మా. ఎవరి కణంలో వాళ్లకే తయారవ్వాలి. మగపిల్లాడికి ఈ లోపం తల్లి వైపు నుంచే వస్తుందట."

అమ్మ నా మొహంలోకి చూసింది. నా నుంచి వాడికి, బహుశా ఆమె నుంచి నాకు. చీర ముక్కలయితే తీసి పారేశాం, దీన్నేం చేస్తాం?

ఆ సాయంత్రం వాడి రక్తం కొద్దికొద్దిగా తీసేస్తూ వేరే రక్తం ఎక్కించారు. ఆ కణాలున్నన్నాళ్లూ వాటిలోని ఎంజైమే పని చూసుకుంటుందన్నారు. మర్నాటికి పచ్చదనం తగ్గింది. వాడు నోరు తెరిచి పాల కోసం ఏడ్చాడు.

"ఆ రక్తం ఎవరిదే?" అంది అమ్మ.

"చెప్పరమ్మా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎవరైతేనేం. ఆ మనిషిని కన్నతల్లి కడుపు చల్లగుండ."