నాకే అడ్డొచ్చిన వీడియో

గుడియాత్తంలో మాది నూలుకు రంగు వేసే ఇల్లు. రంగేసిన నూలు కడగడానికి ఎన్ని నీళ్లున్నా చాలవు. అందుకని నీళ్లు పాలలా తెల్లబడేంత సన్నని బుడగలు పుట్టించే గొట్టం ఒకటి మూడేళ్లు కష్టపడి తయారు చేశాను. ఆ బుడగలు పోగుల్లోకి దూరి మిగులు రంగును బయటికి తోసేస్తాయి.

పేటెంటు దరఖాస్తుకు అభ్యంతరం వచ్చిందని, నా తరఫున కాగితాలు చూసే ఆవిడ వేలూరుకు పిలిచింది. ఫోనులో ఒక వీడియో చూపించింది. మా పెరడు, మా తొట్టి, గొట్టం విప్పి చూపిస్తున్న నా చేతులు.

"ఇది మీదేనా అన్నా?"

"నాదే. మా అక్క తీసి నెట్‌లో పెట్టింది."

"దరఖాస్తుకు నాలుగు నెలల ముందే అందరూ చూసేసినారు. ఇంక దీన్ని కొత్తదని ఒప్పుకోరు."

"చేసింది నేనే కదమ్మా!"

"ఎవురు చేసినా అంతే. వీడియోలో కనబడనిది ఏమన్నా ఉండాదా?"

గొట్టం లోపల నీళ్లను సుడి తిప్పే మరచుట్టు కనబడదన్నాను. ఆవిడ ఇంకో కాగితం తీసింది. అలాంటి చుట్టుకు ఎవరో ఎప్పుడో పేటెంటు తీసుకున్నారు. ఆ రెండిటి మధ్య నాకు కదలడానికి చోటు లేకపోయింది. వీడియో ఇప్పుడు తీసేసినా లాభం లేదట.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. తమ్ముడి పనితనం నలుగురికీ తెలియాలని మురిసిపోతూ వీడియో పెట్టిన మనిషి.

"ఏమన్నారు నాయనా?"

"ఇంకా చూస్తా ఉండారక్కా."

దరఖాస్తు వదిలేసి ఏడాదైంది. ఆమె అడుగుతూనే ఉంది, నేను అదే చెబుతున్నాను.