కళ్లు పెట్టని కావలివాడు

రాంగోపాల్‌పేట్‌లోని ఒక సందులో ఓంప్రకాశ్ అంటే ఏ ఓంప్రకాశ్ అని ఎదురు అడుగుతారు. ఆటల ఓంప్రకాశ్ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి ఇల్లు చూపిస్తారు. రాణిగంజ్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పార్సెల్ బుకింగ్ గుమాస్తా అతను. ఇంటి ఖర్చు పోగా మిగిలిన జీతమంతా బోర్డు ఆటల పెట్టెలకే పోసేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒకరిద్దరు పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడడానికి వచ్చి, గోడ పొడవునా ఉన్న ఆ పెట్టెలను చూసి, టీ తాగి మర్యాదగా వెళ్లిపోయారు. ఎవరి పిచ్చి వారికానందం. ఆ పిచ్చిలో సగం వాటా మాత్రం అతని అక్క కల్పలతది.

కల్పలతకు పెళ్లయి రెండేళ్లు నిండకముందే భర్త పోయాడు. పొద్దున టిఫిన్ తిని స్కూటర్ మీద వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి లేడు. చివరి మాట లేదు, నోట్లో నీళ్లు పోసే అదృష్టం కూడా దక్కలేదు. పుట్టింటికి తిరిగివచ్చి గదిలో మూల కూర్చున్న కూతురిని తండ్రి సోమయ్య తన పనిలో పెట్టుకున్నాడు. రెజిమెంటల్ బజార్‌లో ఒక ఫోటో స్టూడియోలో ఆయనది టచింగ్ పని. మాసిపోయిన ఫోటోలకు సన్నటి బ్రష్‌తో ప్రాణం పోసేవాడు. దండ వేయాల్సిన ఫోటోలే ఎక్కువ వచ్చేవి. ముఖమంతా సరిచేసి, కళ్లు మాత్రం చివరకు ఉంచేవాడు. “కండ్లు పెట్టినంక మల్ల బ్రష్ పెట్టొద్దు బిడ్డా. పని ఖతం,” అనేవాడు. ఆ మాట కల్పలత చెవిలో అలాగే ఉండిపోయింది.

కంప్యూటర్లు వచ్చి టచింగ్ పని పోయింది, స్టూడియో మూతపడింది, తర్వాత సోమయ్యా పోయాడు. బ్రష్‌లు మిగిలాయి. ఒకరోజు ఓంప్రకాశ్ కొత్త ఆట పెట్టె విప్పి, అందులోంచి బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు తీసి అక్క ముందు పోశాడు. అన్నీ బూడిద రంగువే.

“వీటికి జెర రంగు కొడ్తవా అక్కా? మొకాలు లేనోళ్లతోని ఏం ఆడుతం?”

అలా మొదలైంది. బొమ్మను టానిక్ సీసా మూత మీద అతికించి, కిటికీ పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టి ఆమె రంగులు వేసేది. గింజంత ముఖంలో చెంప ఎరుపు, గడ్డం తెలుపు కూడా కనిపించేవి. మూల కూర్చున్న మనిషి కిటికీ దగ్గరికి వచ్చిందంటే అది తమ్ముడి పుణ్యమే. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. దాని గురించి మాత్రం ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఓంప్రకాశ్ తన ఆటలను చూసుకున్నట్టు కొందరు సంసారాన్ని కూడా చూసుకోరు. వానాకాలం వస్తే ప్రతి పెట్టెలో మందు డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పడాల్సిందే. కార్డులు ఒక్కోటి ప్లాస్టిక్ తొడుగులో ఉండాల్సిందే. మిర్చి బజ్జీ తిన్నవాడు సబ్బుతో చేతులు కడగనిదే బోర్డు దరిదాపులకు రాకూడదు. ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే ఆడడానికి వచ్చే స్నేహితుడు జెరెమియా ఈ బజ్జీ విషయంలో తిన్న తిట్లకు లెక్కలేదు. ఏదైనా ఒక బొమ్మ పోతే పెట్టెలో దాని గూట్లో ఒక చింతగింజను పెట్టేవాడు ఓంప్రకాశ్. “పోయినోని జాగ ఖాళీగ ఉండొద్దు,” అనేవాడు. ఆ గింజ ఆ బొమ్మ పేరుతోనే ఆడేది, దానికీ అదే మర్యాద. ఇక అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. రంగు పూర్తికాని బొమ్మ బోర్డు మీద కాలు పెట్టరాదు. అక్క కష్టానికి అతను ఇచ్చిన గౌరవం అది.

కిందటి సంవత్సరం కోట ఆట వచ్చింది. అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది గానీ వీళ్లు కోట ఆట అనే పిలిచారు. మంచుకొండ మీద ఒక కోట, బయట తోడేళ్లు, లోపల ఊరి జనం. ఆడేవాళ్లంతా ఒకే పక్షం, గెలిస్తే అందరూ, ఓడితే అందరూ. లాంతరు పట్టుకున్న కావలివాడు కోట గుమ్మంలో నిలబడితేనే ఆట మొదలు. ఓంప్రకాశ్ ఆ నియమాల పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివాడో, అన్నం తింటూ కూడా తోడేళ్ల సంగతే. కల్పలత చలికాలమంతా కూర్చుని బొమ్మలకు రంగు వేసింది. ఎండలు ముదిరేసరికి కావలివాడి కళ్లు తప్ప అన్నీ అయిపోయాయి.

అప్పుడే ఓంప్రకాశ్‌కు కడుపునొప్పి పట్టుకుంది. గ్యాస్ అనుకున్నారు, అల్సర్ అనుకున్నారు. చివరికి గడ్డ అన్నారు, చేయిదాటింది అన్నారు. డాక్టరు కల్పలతను పక్కకు పిలిచి, బోనాల దాకా ఉంటే గొప్ప అని చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ముఖం సరిచేసుకుని వచ్చి ఆటోలో కూర్చుంది. తమ్ముడు ఆమె వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ నవ్వాడు.

“పరేషాన్ గాకు అక్కా. కోట ఆట ఒక్కటి ఆడితే సాలు. అటెన్క ఎటు వోయినా ఫికర్ లేదు.”

అతను తేలిక చేయడానికే అన్నాడు. ఆమె గుండెలో మాత్రం అది ముల్లులా దిగబడింది.

మర్నాడు పొద్దున కిటికీ దగ్గర కూర్చుని బ్రష్ ముంచిన కల్పలతకు చేయి ముందుకు రాలేదు. కళ్లు పెడితే పని ఖతం. ఆట మొదలవుతుంది. ఆట అయిపోతే? తమ్ముడు తన నోటితోనే అన్నాడు కదా. బ్రష్ కడిగి పక్కన పెట్టేసింది. ఇదేం బుద్ధి అని అడిగేవాళ్లు అడగొచ్చు. అడిగేవాళ్ల ఇంట్లో ఎవరూ టిఫిన్ తిని వెళ్లి మధ్యాహ్నానికి లేకుండా పోయి ఉండరు.

ఇక సాకులు మొదలయ్యాయి. తెల్లరంగు గడ్డకట్టింది. బ్రష్ కొస చీలింది. మబ్బు పట్టింది, వెలుతురు లేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. మధ్యాహ్నం తమ్ముడు మందుల మత్తులో పడుకున్నప్పుడు బాగున్న ముఖాన్ని తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వేసేది. “ఏంది అక్కా, ఆ కావలోడు ఇంకా తయారుగాలేదా?” అని అతను అడిగితే, “జెర ఆగు తమ్మీ, మొకం మంచిగొస్తలేదు,” అనేది.

బోనాలు వచ్చాయి. ఓంప్రకాశ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని డప్పులు విన్నాడు, పోతరాజును చూశాడు. డాక్టరు చెప్పిన గడువు దాటిపోయింది. కల్పలత లోపలికి వెళ్లి, సీసా మూత మీద నిలబడ్డ ఆ గుడ్డి కావలివాడికి రెండు చేతులూ జోడించింది. వాడే కాపాడుతున్నాడని నమ్మింది. ఆ క్షణం నుంచి ఇక వాడికి కళ్లు పెట్టమని ఆమెను ఒప్పించగలిగేవాళ్లు లేరు.

కానీ మనిషి మాత్రం రోజురోజుకూ కరిగిపోయాడు. మందుల వల్ల వేళ్లకు స్పర్శ పోయింది. కార్డు పట్టుకుంటే ఎప్పుడు జారిందో అతనికి తెలిసేది కాదు. జెరెమియా కింద పడిన కార్డు తీసి, చూడనట్టు మళ్లీ అతని చేతిలో పెట్టేవాడు. చివరికి చిన్న ఆటలు కూడా జెరెమియా, కల్పలత ఆడుతుంటే అతను పడుకుని చూసేవాడు.

ఒక ఆదివారం జెరెమియా వచ్చి కూర్చున్నాడు. బయట వాన. ఓంప్రకాశ్ దిండుకు ఆనుకుని లేచి, కోట ఆట పెట్టె మీద చేయి వేశాడు.

“అక్కా, ఒకటడుగుత. ఏమనుకోకు. కావలోనికి కండ్లు లేకున్నా సరే, ఇయ్యాల ఆడుదాం.”

అతను ఎన్నడూ, ఎవరి కోసమూ దాటని నియమం అది. జెరెమియా తలెత్తి ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

“గదేంది తమ్మీ? నియమం వెట్టింది నువ్వే గద. వచ్చే ఆదివారానికి పక్కా అయిపోతది,” అంది ఆమె.

అతను ఆమెను కాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. “గట్లనే కానీ అక్కా,” అని పెట్టె మీది నుంచి చేయి తీశాడు.

ఆ ఆదివారం అతనికి రాలేదు. వారం మధ్యలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్కడి నుంచి ఇంటికి తెచ్చింది మనిషిని కాదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక ఆదివారం జెరెమియా చర్చి నుంచి నేరుగా వచ్చాడు. ఎప్పటిలాగే సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చున్నాడు. తిట్టేవాడు లేకపోయినా కడుక్కున్నాడు. కల్పలత స్టవ్ మీద టీకి పాలు పెట్టి వచ్చింది. పెట్టెల్లో పొట్లాలు మార్చాలి, వానలు ఇంకా పోలేదు అంటూ ఆమె ముందుగా కోట ఆట పెట్టెనే దింపి, మూత తీసింది.

బొమ్మలన్నీ వాటి గూళ్లలో ఉన్నాయి. కావలివాడి గూడు ఖాళీగా ఉండాలి. లేదు. అందులో ఒక చింతగింజ ఉంది. దాని మీద రెండు తెల్లచుక్కలు, ఆ చుక్కల్లో రెండు నల్లచుక్కలు. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి వంకరగా ఉన్నాయి.

ఆమె తలెత్తి జెరెమియాను చూసింది.

“ఆడుదామని నిన్ను అడిగిన ఆదివారానికి ముందురోజు,” అన్నాడు జెరెమియా. “నువ్వు మోండాకు పోయినవ్, కూరగాయలకు. ఫోన్ జేసి పిలిచిండు. బ్రష్ పట్టుకోనీకి చెయ్యి ఆగలే. నేను మణికట్టు పట్టుకున్న. చానా తక్లీఫ్ అయింది, అయినా తనే పెడ్తనన్నడు.”

“మరి ఆనాడు చెప్పలేదేంది నాకు?”

“చెప్పొద్దన్నడు. అక్కను అడుగుత, ఒప్పుకుంటే కావలోని జాగల ఈ గింజను తీస్త, లేకుంటే వద్దు అన్నడు.” జెరెమియా గింజ వైపు చూశాడు. “అక్కకు చెయ్యి ఎందుకొస్తలేదో నాకెర్కే అన్నడు. దాని మనసు ఇరగ్గొట్టి ఆడితే గదేం ఆట అన్నడు.”

కల్పలత లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, సీసా మూత మీది కావలివాడిని చేతిలోకి తీసుకుంది. తెల్లరంగు గడ్డకట్టలేదు, ఎన్నడూ కట్టలేదు. బ్రష్ కొస చీలలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, ఆమెకు తెలియక కాదు. ఊపిరి బిగబట్టింది. ఒక తెల్లచుక్క, ఇంకొక తెల్లచుక్క. బ్రష్ మార్చి రెండు నల్లచుక్కలు. వెనక్కి వంగి చూసింది. కావలివాడు లాంతరు ఎత్తి ఆమెనే చూస్తున్నాడు.

స్టవ్ మీద పాలు ఇంకా పొంగనే లేదు.

“గింతే పనుండె తమ్మీ,” అంది ఆమె చింతగింజతో. “గింతే పని.”

కావలివాడిని గూట్లో గింజ పక్కన పెట్టి, మూత వేసి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. జెరెమియా లేచి వెళ్లి స్టవ్ కట్టేశాడు.