అత్త సగం

ఇవాళ పొద్దున మజ్జిగ మిరపకాయల పళ్ళెంతో మిద్దె ఎక్కుతుంటే, మెట్ల మీదే ఇంగువ కలిపిన మినపపిండి వాసన తగిలింది. పైన తమ్ముడి భార్య సరోజ అప్పడాలు ఆరబెడుతోంది. ఆ వాసన వస్తే చాలు, మా మేనత్త సుబ్బమ్మ నా ఎదుట నిలబడుతుంది.

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయి, సర్కారు కచేరీల మీద జెండాలు మారిన రోజులవి. అత్తకు భర్త పోయాడు, పిల్లలు లేరు. అప్పడాలు అమ్మి కూడబెట్టుకుని, నాన్నతో కలిసి మురుంగపాక్కంలో ఈ ఇల్లు కొంది. అందరికీ పొయ్యి ఒకటే. అయినా మిద్దెలో పడమటి సగం నాన్నదని ఆమె పట్టింపు. తన వైపు చోటు చాలని రోజున, మిద్దెను అరవంలో మాడి అంటూ, మా అమ్మను కేకేసేది.

"కమలా, మాడిలో మీ పక్క ఆరబెట్టుకోనా?"

"రోజూ ఇదేంది వదినా, ఇల్లంతా మీదే కదా!"

"సగమే నాది. అడక్కుండా వాలితే కాకికీ నాకూ తేడా ఏంది?"

ఒకనాడు బాహూరు నుంచి ఆమె భర్త అన్నగారి కొడుకులిద్దరు వచ్చారు. భోజనానికి ముందు ఇల్లంతా తిరిగి చూసి, పెద్దవాడు "ఈ ముందు గది మాకు బాగుంటుంది చిన్నమ్మా" అన్నాడు. అత్త నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచింది. నా బడిచదువు అయిదో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా గ్రంథాలయం పెట్టిన భిక్షే.

"పుస్తకాల పిల్లా, నేను పోతే నా సగం యాడికి పోతుందో చూసి చెప్పు."

"చూసేదేముంది?" అన్నాడు నాన్న. "ఇద్దరి పేర్లుండాయి. ఒకరు పోతే మిగిలినోళ్ళదే."

మా వీధంతా అలాగే నమ్మేది. నేను గ్రంథాలయంలో తమిళ న్యాయశాస్త్ర పుస్తకమొకటి పట్టుకుని, అర్థమయ్యేదాకా వదల్లేదు. కలిసి కొన్నంత మాత్రాన ఒకరి వాటా రెండోవారికి రాదు. ఎవరి వాటా వారి వారసులకే. పిల్లలు లేని అత్తకు వారసులు భర్త వైపువాళ్ళు. అంటే ఆమె తర్వాత సగం ఇల్లు బాహూరువాళ్ళది, మా అమ్మ వాళ్ళ దయ మీద బతకాలి. గర్వంగానే చదివి వినిపించాను.

"పుస్తకం మాట సరే, మన పత్రం ఏమంటుందో?" అంది అత్త. నన్ను వెంటబెట్టుకుని నోటరీ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఫ్రెంచిలో ఉన్న పత్రం చదివి, తమిళంలో చెప్పాడు: చెరి సగం. వీలునామా రాస్తే మాత్రం, తన సగం తనకిష్టమైనవారికి ఇచ్చుకోవచ్చు.

నాన్న మండిపడ్డాడు. "బతికుండగా ఉయిలేందక్కా, అపశకునం!"

"చచ్చేదాన్ని నేను, భయం నీకేందిరా?"

కాసేపటికి ఆయన మెత్తబడ్డాడు. "సరి, నా పేరే రాయించు."

"నీ సగం నీకుండాదిగా. కమలకు యాడుంది?"

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

వీలునామా రాయించి, దాన్ని పెట్టెలో దాచి ఊరుకోలేదు అత్త. బాహూరువాళ్ళను పిలిపించి, ఆకులు వేసి వడ్డిస్తూ చెప్పింది. "నా సగం కమలకు రాసేశా. రేపు ఎవురో చెప్తే మీకు కష్టంగా ఉంటాది. అందుకే నేనే చెప్తుండా." పెద్దవాడు సగం అన్నం వదిలేసి లేచాడు. చిన్నవాడు ఇంకొంచెం రసం పోయమన్నాడు.

అత్త పోయింది, కొన్నేళ్ళకు నాన్నా పోయాడు. తమ్ముడు ఇల్లు అమ్మేద్దామన్నప్పుడు, ఎన్నడూ దేనికీ ఎదురుచెప్పని అమ్మ "నా సగం నేను అమ్మను" అంది. గొంతు పెంచకుండా అన్న ఆ మాటతో ఇల్లు నిలిచింది. ఆ సగాన్ని తర్వాత అమ్మ నాకు రాసింది, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పి మరీ. చట్టం నేను పుస్తకంలో చదువుకున్నాను. ఇల్లు రాదన్న మాటను అన్నం పెట్టి మరీ చెప్పడం అత్త దగ్గరే చూశాను.

నా వైపు ఇవాళ ఉతికిన దుప్పట్లు పరిచి ఉన్నాయి. పళ్ళెం పట్టుకుని మెట్ల చివర ఆగాను.

"సరోజా, మీ పక్క ఆరబెట్టుకోనా?"

"మళ్ళీ మొదలుపెట్టారా వదినా!" అని నవ్వింది. నవ్వుతూనే తన అప్పడాల చాప కాస్త పక్కకు లాగింది.