సీనప్ప ఉప్పు చుక్క

సీనప్పకు మనిషి ఎదురైతే చాలు, నాలుక చాపమంటాడు. కాంపౌండరు పని నుంచి రిటైరైన నాటి నుంచి అతని జేబులో ఒక ఇంకు ఫిల్లరు, చిన్న సీసాలో ఉప్పునీళ్లు ఉంటాయి. కదులుతున్న పెన్నాగరం బస్సు వెంట పరుగెత్తి, కండక్టరు నాలుక మీద చుక్క వేసిన ఘనుడు.

"తగిలిందా?"

"తగిలింది, వదలన్నా!"

"అయితే వాకిళ్లు తెరిచే ఉండాయి."

ఏం వాకిళ్లని అడిగినవాడి పని అయిపోయినట్టే. "నాలుకలో కణాలకు కంటికి కనపడని సన్న వాకిళ్లు ఉండాయి. ఉప్పు కరిగితే అందులోని సోడియం వాటిలో దూరుతుంది. లోపల కరెంటు పుడుతుంది, మెదడుకు కబురు పోతుంది. ఉప్పన అంటే అదే!" అప్పటికి అడిగినవాడు కంబైనల్లూరు బస్సెక్కి ఉంటాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఆ సీసాను చూసి నిజంగా వణికింది ఒక్కరే, బస్టాండు పక్కన మెస్సు నడిపే అక్కమ్మ. నెల రోజులుగా ఆమెకు ఉప్పు తెలియడం లేదు. సాంబారు చప్పగా ఉందని మరో గుప్పెడు వేసేది. తిన్నవాళ్లు ముఖం మాడ్చుకొని లేచేవాళ్లు. "ఏందక్కా, సముద్రం ఎత్తి పోసినావా?" అన్నాడు లారీ డ్రైవరు సెంగోడన్. మరునాడు రాలేదు. అక్కమ్మ అత్తకు నోటి రుచి పోయిన పదో నాడే ప్రాణం పోయింది. తనకూ అంతేనా? ప్రాణం సంగతి సరే, వంటమనిషి నాలుక చచ్చిందని ఊరికి తెలిస్తే పొయ్యి ఆర్పుకోవలసిందే. రెండు పూటలా తినడానికొచ్చే సీనప్పను చూస్తే గరిటెతో సహా పెరట్లోకి పరుగు తీసేది.

ఒకరోజు దొరికిపోయింది. నలుగురు తింటుండగానే, "నాలుక చాపమ్మా" అన్నాడు. చుక్క పడింది. ఏమీ తెలియలేదు. అయినా అక్కమ్మ గట్టిగా తలూపింది.

"ఉప్పే అన్నా! కటిక ఉప్పు!"

సీనప్ప ఆమెను ఒక్క క్షణం చూశాడు. "ఈ ఊళ్లో ఇంత మంచి నాలుక లేదు!" అని అందరికీ వినబడేలా అరిచి, చెయ్యి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వచ్చాడు.

"కావాలనే వట్టి నీళ్లు వేసినానమ్మా. ఉప్పే అన్నావంటే నీకు రుచి తెలియడం లేదనే. భయపడొద్దు. ఏం మాత్రలు తింటా ఉండావు?"

అక్కమ్మ కాళ్ల వాపుకు డాక్టరు రాసిన చీటీ చూపింది. తెల్లారి పొయ్యి ముట్టించేటప్పుడు ఒక మాత్ర.

"మింగుతావా?"

"గొంతులో ఇరుక్కుంటుందని భయమన్నా. పిప్పరమెంటు మాదిరి చప్పరిస్తా."

సీనప్ప నెత్తి కొట్టుకున్నాడు. "ఆ మందు నాలుక మీద కరిగితే సోడియం వాకిళ్లకు గడియ పెడుతుంది! ఆ నోటితోనా సాంబారు చూసేది? రాగిముద్ద నమలకుండా మింగేదానివి, ఇంత మాత్రకు భయమా? ముద్దలో పెట్టి మింగు."

మరునాడు అట్లాగే మింగింది. ముందురోజు మిగిలిన సాంబారు ఒక గరిటె నోట్లో పోసుకొని, తూ అని ఉమ్మేసి, తినడానికొచ్చిన సీనప్ప వైపు తిరిగింది.

"అయ్యో అన్నా! నెలంతా రెండు పూటలా దీన్ని ఎట్లా తిన్నావు?"

సీనప్ప మొదటిసారి నేల చూపులు చూశాడు. "బల్లలన్నీ ఖాళీగా ఉంటే బస్సు దిగినోళ్లు లోపలికి రారు కదమ్మా. అందుకని కూర్చుంటి. బాగుండిందని కాదులే."